కటి ధమనుల ఇరుకుదనము: కోత లేని చికిత్స

వినగడపకును తోటమూలకును నడుమ కట్టలేరు పారుచున్నది. తిరువూరు ప్రాంతపు ఇట్టి గ్రామములలో మనిషి బ్రతుకు చాలవరకు కాళ్లమీదనే జరుగును. ప్రత్తిచేను చూచి వచ్చుట, మామిడితోటకు కాపలా తిరుగుట, పశువులను తోలుకొని పోవుట, అన్నియు నడకయే. అట్టి నడకకు అలవాటుపడిన పెద్దమనిషి ఒకనాడు దారి మధ్యలో ఆగి, పిరుదుమీద చేయి వేసికొని నిలబడును. రెండు మూడు నిమిషములు నిలిచి మరల సాగును. మరల అంత దూరమే పోయి ఆగును. ఇంటివారు అడిగినచో "వయసు మీద పడిందిరా, కాళ్లు లాగుతున్నాయి" అనును. ఇంటివారును అదియే నిజమనుకొందురు.

వయసు వచ్చినంత మాత్రమున కాళ్లు ఇట్లు లాగవు. కొందరి విషయమున ఆ నొప్పికి మూలము కాలిలో లేదు. బొడ్డుకు దిగువన, కటి లోపల, కాళ్లకు రక్తమును తెచ్చు ధమనులు ఇరుకగుటచేత అది కలుగుచున్నది. ఈ జబ్బును గుర్తింపవచ్చును. పొట్ట కోయకుండ, పూర్తి మత్తు ఇవ్వకుండ, సన్నని రంధ్రము గుండ లోనికి పోయి ఆ ఇరుకును వెడల్పు చేయవచ్చును. పట్టించుకొనక విడిచినచో కొందరికి పాదము కుళ్లి, చివరకు కాలు తీసివేయవలసి వచ్చును. పంచాయతీ సభ్యులు వైద్యులు కారు, నిజమే. కాని ఊరిలో ఎవరు నడచుచు నడచుచు ఆగిపోవుచున్నారో వారికి తెలిసినట్లు నగరములోని వైద్యునికి తెలియదు. అందుచేతనే ఈ పాఠమును వారి కొరకు వ్రాయుచున్నాము.

కాలువ చివరి పొలము

నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూముల రైతులకు ఈ జబ్బు స్వభావమును తెలియజెప్పుట కష్టము కాదు. పై కాలువలో పూడిక పేరుకొన్నచో మొదటి పొలములు పచ్చగానే ఉండును. ఎండునది చివరి మడి. ఆ మడిని ఎంత దున్నినను, ఎంత ఎరువు వేసినను ప్రయోజనము లేదు. పూడిక ఎక్కడ ఉన్నదో అక్కడికి పోవలెను.

గుండె నుండి బయలుదేరిన పెద్ద ధమనికి బృహద్ధమని అని పేరు. అది వెన్నెముకకు ముందుగా క్రిందికి దిగి, ఇంచుమించు బొడ్డు ఎత్తున రెండుగా చీలును. ఆ రెండును కుడి, ఎడమ కటి ధమనులు. ఒక్కొక్కటి నాలుగైదు సెంటీమీటర్లు పోయిన పిమ్మట మరల రెండు పాయలగును. లోపలి పాయ కటిలోని అవయవములకును, పిరుదులకును రక్తమును ఇచ్చును. బయటి పాయ గజ్జల గుండ తొడలోనికి దిగి, మోకాలి వెనుకగా పిక్కకు, పాదమునకు, కాలివ్రేళ్ల చివరకు పోవును. అనగా కటి ధమని కాలికంతకును పైనున్న తూము వంటిది.

ఈ ధమనుల లోపలి గోడలలో క్రొవ్వు, సున్నము చేరి, సంవత్సరముల తరబడి గట్టిపడును. దారి సగము మూసుకొన్నను మనిషికి ఏమియు తెలియకపోవచ్చును. కూర్చున్నపుడును, పడుకొన్నపుడును కాలి కండరములకు కావలసిన రక్తము కొంచెమే. ఇరుకు దారిన వచ్చినది సరిపోవును. నడక సాగిన వెంటనే అంతకు ఎన్నో రెట్లు కావలెను. నారుమడికి చాలిన నీరు నాట్లనాడు చాలదు గదా! కండరమునకు ప్రాణవాయువు కొరత పడును. ఆ కొరతయే నొప్పిగా తెలియును. ఆగినచో కొరత తీరి నొప్పి పోవును, నడచినచో మరల వచ్చును. ఇంచుమించు ప్రతిసారియు ఒకే దూరమున వచ్చుట దీని లక్షణము. గట్టు ఎక్కునపుడును, నెత్తిన బరువున్నపుడును, త్వరగా నడచునపుడును ఇంకను ముందుగా వచ్చును.

కటి ధమని ఇరుకైనపుడు నొప్పి సాధారణముగా పిరుదులో, తుంటిలో, తొడలో తోచును. తొడలోని ధమని ఇరుకైనపుడు పిక్కలో తోచును. అయితే కటి ధమని జబ్బు ఉండియు పిక్కనొప్పి ఒక్కటియే చెప్పువారు కూడ కలరు. లోపలి పాయయే పురుషాంగమునకు రక్తమును ఇచ్చును గనుక, ఈ జబ్బు గల పురుషులలో కొందరికి దాంపత్య శక్తి సన్నగిల్లును. నడకలో నొప్పి, గజ్జలలో నాడి అందకపోవుట, ఈ బలహీనత - ఈ మూడింటిని ఒకచోట చేర్చి వివరించినవాడు ఫ్రెంచి శస్త్రవైద్యుడు రెనే లెరీష్. ఆయన పేరనే వైద్యులు నేటికిని ఆ లక్షణ సముదాయమును పిలుచుచున్నారు. ఈ సంగతి వైద్యునితో చెప్పుటకు మనవారు సిగ్గుపడుదురు. చెప్పినచో జబ్బు ఎక్కడ ఉన్నదో వైద్యుడు త్వరగా పోల్చుకొనును.

నరమా, రక్తమా

పిరుదునొప్పి అనగానే నడుము నరము పట్టినదని అనుకొనుట మన గ్రామములలో పరిపాటి. నడుములోని వెన్ను ఎముకల నడుమ నరములు నలిగినను నడకలో నొప్పి వచ్చును, నిజమే. రెండింటికిని భేదము గ్రహించుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. నాలుగు ప్రశ్నలు చాలును. రక్తపు కొరత వలని నొప్పి ఉన్నచోట కదలక నిలబడినను తగ్గును. నరముల నొప్పి నిలబడినచో సాధారణముగా తగ్గదు. కూర్చుండవలెను, లేదా ముందునకు వంగవలెను. సైకిలుమీద ముందుకు వంగి పోవునపుడు నరముల నొప్పి గలవాడు సుఖముగా పోవును. రక్తపు కొరత గలవానికి సైకిలు త్రొక్కినను నొప్పి వచ్చును. కొందరికి రెండు జబ్బులును ఉండవచ్చును గనుక తుది నిర్ణయము వైద్యునిదే.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. నరముల నొప్పి అనుకొని ఏండ్ల తరబడి నొప్పి బిళ్లలు మ్రింగువారు ప్రతి ఊరిలోను కలరు. ఆ బిళ్లలలో పెక్కు మూత్రపిండములకు హాని చేయును. ఇరుకైన ధమనిని మాత్రము తెరవవు. తిరువూరుకు పొరుగున ఉన్న ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను కుంగదీసినదో ఈ ప్రాంతపు పంచాయతీలకు వేరుగా చెప్ప నక్కరలేదు. ఈ వ్యాధి సంగతి ముందు మరల రావలసి ఉన్నది.

వైద్యుడు మొదట వ్రేళ్లతో నాడి చూచును: గజ్జలలో, మోకాలి వెనుక, చీలమండ లోపలి ప్రక్క, పాదముపైన. రెండు కాళ్లను పోల్చి చూచును. రక్తము తగ్గిన కాలు చల్లగా ఉండును, ముంగాలిపై వెంట్రుకలు రాలును, గోళ్లు నెమ్మదిగా పెరుగును. తరువాతి పరీక్ష చాల చవుకైనది. చేతికి కట్టు రక్తపుపోటు పట్టీనే చీలమండకు కట్టి, చిన్న శబ్దతరంగముల పరికరముతో నాడిని వినుచు, అచ్చటి పోటును కొలుతురు. చీలమండ పోటును చేతి పోటుతో భాగించినపుడు వచ్చు సంఖ్య ఆరోగ్యవంతులకు 1.0 నుండి 1.4 వరకు ఉండును. 0.90 లేక అంతకు తక్కువయైనచో కాలి ధమనులలో అడ్డు ఉన్నట్లు లెక్క. 0.40కి తక్కువయైనచో కాలికే ప్రమాదము. చిరకాలముగా మధుమేహము గలవారి ధమనులు సున్నముచేత బిరుసెక్కి, ఈ సంఖ్యను దొంగలెక్కగా పెంచి చూపును. కటి ధమని కొద్దిగా ఇరుకైనవారికి కూర్చున్నపుడు సంఖ్య సరిగానే ఉండి, నడిపించిన పిమ్మట పడిపోవును. కావున లక్షణములు గట్టిగా ఉన్నపుడు ఒక్క సంఖ్యను చూచి వైద్యుడు విడువడు. రంగుల డాప్లరు పరీక్షకు, అవసరమైనచో స్కానునకు పంపును.

చుట్ట, బీడీ, చక్కెర

ఈ జబ్బును తెచ్చువానిలో పొగాకుదే అగ్రస్థానము. చుట్ట అయినను, బీడీ అయినను, సిగరెట్టు అయినను భేదము లేదు. కోస్తా జిల్లాలలో, ముఖ్యముగా ఉత్తరాంధ్రలో, నిప్పు కొనను నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు కూడ కలరు గనుక ఇది మగవారి జబ్బు మాత్రమే అనుట తగదు. తరువాతివి మధుమేహము, రక్తపుపోటు, కొలెస్టరాలు, మూత్రపిండముల జబ్బు, వయస్సు. పొగ త్రాగు పడుచువారికి బ్యూర్గరు వ్యాధి అను వేరొక జబ్బు వచ్చుట మన దేశమున కలదు. అది పాదములలోను, చేతులలోను సన్ననాళములను మూయును. ఈ వ్యాసములో చెప్పు బుడగ చికిత్స దానికి అంతగా పనిచేయదు. పొగాకును పూర్తిగా మానుటయే దానికి ప్రధాన చికిత్స.

కాలి ధమనులు పూడినవానికి గుండె ధమనులు, మెదడు ధమనులు మాత్రము శుభ్రముగా ఉండునా? ఉండవు. ఈ రోగులలో కాలు పోగొట్టుకొనువారికన్న గుండెపోటుతోను, పక్షవాతముతోను మరణించువారే ఎక్కువ. అందుచేత ధమనిని తెరచినను తెరవకున్నను, పొగాకు మానుట, రక్తము గడ్డకట్టకుండ చేయు ఆస్పిరిన్ వంటి మందు, కొలెస్టరాలును తగ్గించు మందు, పోటును చక్కెరను అదుపులో నుంచుట, ఇవి అందరికిని తప్పవు. మందులన్నియు వైద్యుని సలహాపైననే తీసికొనవలెను.

నడకయే మందగుట

నడచినచో నొప్పి వచ్చు మనిషికి నడకయే మందనుట వింతగా తోచవచ్చును. కాని ఇది పరీక్షింపబడిన సత్యము. బృహద్ధమని చివరను, కటి ధమనులలోను ఇరుకుదనము గల 111 మంది రోగులపై ఉత్తర అమెరికాలో ఒక పరిశోధన జరిగి, దాని ఫలితములు 2012లో ప్రకటింపబడినవి. కొందరికి మందులు మాత్రమే ఇచ్చిరి. కొందరికి మందులతోపాటు పర్యవేక్షణలో నడక నేర్పిరి. మరికొందరికి మందులతోపాటు ధమనిలో స్టెంటు అమర్చిరి. ఆరు నెలలు గడచిన పిమ్మట నడక యంత్రముపై ఎంతసేపు నడువగలరో చూచిరి. మందులు మాత్రమే తీసికొన్నవారు మునుపటికన్న 1.2 నిమిషములు ఎక్కువ నడచిరి. స్టెంటు అమర్చినవారు 3.7 నిమిషములు, నడక నేర్చినవారు 5.8 నిమిషములు ఎక్కువగా నడచిరి. అయితే దినచర్యలో సుఖము ఎట్లున్నదని అడిగినపుడు స్టెంటు అమర్చినవారే ఎక్కువ తృప్తిని తెలిపిరి. దీనివలన ఏమి తేలుచున్నది? నొప్పి మాత్రమే గలవాడు, కాలికి ప్రమాదము లేనివాడు, ఆసుపత్రికి పరుగెత్తకముందు పొగ మాని మూడు నెలలు క్రమముగా నడచి చూచుట న్యాయము. బుడగ చికిత్స గొప్పదని చెప్పుచునే ఈ మాటయు చెప్పుట మా విధి.

పద్ధతి ఇది. వారమునకు కనీసము మూడు దినములు, పూటకు ముప్పది నుండి నలువదియైదు నిమిషములు నడువవలెను. నొప్పి బాగుగా వచ్చువరకు నడచి, ఆగి, పూర్తిగా తగ్గిన పిమ్మట మరల నడువవలెను. పండ్రెండు వారములు విడువరాదు. పొలమునకు పోయి వచ్చుటతోనే సరిపోవునని రైతులు అందురు. నెత్తిన బరువుతో, ఎండలో, పని తొందరలో నడచుట వేరు, క్రమముగా ఆగి ఆగి నడచుట వేరు. గుండెజబ్బు గలవారును, పాదమున పుండు ఉన్నవారును వైద్యుని అడుగక ఈ నడకను ఆరంభింపరాదు.

సూది దారి

ఇక బుడగ సంగతి. ధమనిలోనికి చర్మముగుండ దారి చేసికొను సులభోపాయమును 1953లో స్వీడను దేశపు వైద్యుడు సెల్డింగరు ప్రకటించెను. బోలు సూదిని ధమనిలో గ్రుచ్చి, దానిగుండ సన్నని తీగను పంపి, సూదిని తీసివేసి, తీగ వెంబడి మెత్తని గొట్టమును జరుపుట ఆయన పద్ధతి. నేటికిని అదియే వాడుకలో ఉన్నది. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లండు నగరమున చార్లెస్ డాటర్ అను వైద్యుని యొద్దకు 82 ఏండ్ల వృద్ధురాలు వచ్చినది. ఆమె పాదము కుళ్లుచుండెను. కాలు తీయవలెనని శస్త్రవైద్యులు చెప్పగా ఆమె ఒప్పుకొనలేదు. డాటర్ ఆమె తొడ ధమనిలోని ఇరుకుగుండ తీగను పంపి, ఒకదానిపై నొకటిగా లావుపాటి గొట్టములను త్రోసి దారి వెడల్పు చేసెను. పాదము వెచ్చబడినది. ఆమె బ్రతికినంత కాలము తన కాళ్లమీదనే నడచినది. కాలు తీయవలెనన్న తీర్మానమునకు ఒక ముసలమ్మ తల ఊపకపోవుటచేత ఒక వైద్యశాఖ పుట్టినది!

డాటర్ గొట్టములు తొడ ధమనికి సరిపోయినవి. అంతకన్న వెడల్పైన కటి ధమనికి అంత లావు గొట్టమును చర్మముగుండ పంపుట తగదు. దీనికి మార్గము చూపినవాడు జర్మనీలో పుట్టి, స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున పనిచేసిన ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్. తన ఇంటి వంటగదిలోనే బుడగలు తయారుచేసి ప్రయత్నించి, 1974లో కాలి ధమనిలో బుడగను ఉపయోగించెను. తరువాత కటి ధమనికిని, 1977లో గుండె ధమనికిని ఆ పద్ధతిని వర్తింపజేసెను. మడచినపుడు సన్నగా పోయి, ఇరుకు చోట ఉబ్బి, మరల సన్నగా బయటికి వచ్చుట బుడగలోని గొప్ప. కాని కొన్ని ధమనులు బుడగ తీసిన వెంటనే మరల ముడుచుకొనుచుండెను. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో పనిచేసిన హూలియో పాల్మాజ్‌కు తాపీపనివారు గోడపూతకు వాడు ఇనుపజాలి ముక్క కంటబడి, అట్టి లోహపు జాలిగొట్టమును ధమనిలో నిలుపవచ్చునని తోచినది. అదియే స్టెంటు. కటి ధమనులలో వాడుటకు ఆయన స్టెంటుకు అమెరికా ప్రభుత్వ సంస్థ 1991లో అనుమతి ఇచ్చినది.

నేడు చికిత్స జరుగు తీరు ఇది. రోగిని బల్లపై పండుకొనబెట్టి, గజ్జలో గాని, కొందరికి చేతి ధమనివద్ద గాని, చర్మమునకు మాత్రము తిమ్మిరిమందు ఇత్తురు. రోగి మెలకువగానే ఉండును, వైద్యునితో మాటలాడవచ్చును. రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రముగుండ తీగ, గొట్టము లోనికి పోవును. ఎక్స్‌రేలో ధమని కానవచ్చుటకు ఒక మందును ఎక్కింతురు; అప్పుడు ఒళ్లు ఒక్కసారి వెచ్చగా తోచును. ఇరుకు చోట బుడగను నిలిపి, గాలితో కాక ద్రవముతో నింపుదురు. ఆ ఒత్తిడి సైకిలు చక్రములోని గాలి ఒత్తిడికన్న ఎక్కువ. సాధారణముగా ఒక నిమిషమునకు అటునిటుగా ఉంచి దించుదురు. ధమని తెరచి నిలిచినచో అంతటితో సరి. నిలువనిచో స్టెంటు అమర్చుదురు. బృహద్ధమని చీలుచోటనే ఇరుకున్నచో రెండు గజ్జలనుండియు రెండు బుడగలను ప్రక్కప్రక్కగా ఒక్కసారి ఉబ్బింతురు. లేనిచో ఒక పాయను తెరచునపుడు రెండవ పాయ మూసుకొనును. మధ్యలో కడుపులో గాని నడుములో గాని తీవ్రమైన నొప్పి వచ్చినచో రోగి వెంటనే చెప్పవలెను. ఓర్చుకొనుట ఇచ్చట సుగుణము కాదు. ధమని చిరుగుటకు అది తొలి సూచన కావచ్చును.

పని ముగిసిన పిమ్మట గజ్జను నొక్కి పట్టి రక్తమును ఆపి, కొన్ని గంటలు కాలు మడువకుండ పండుకొనబెట్టుదురు. పెక్కుమంది మరునాడు ఇంటికి పోవుదురు. పొట్ట కోసి, బృహద్ధమని నుండి రెండు తొడలకును కృత్రిమ నాళమును కుట్టు పెద్ద శస్త్రచికిత్స నేటికిని కలదు. పొడవునను పూర్తిగా మూసుకొన్న ధమనులలో కొన్నింటికి అది అవసరమగును. అయితే దానికి గుండె, ఊపిరితిత్తులు తట్టుకొనవలెను. కోలుకొనుటకు వారములు పట్టును. కటి ధమని వెడల్పైనది, రక్తము వేగముగా పారునది గనుక బుడగ, స్టెంటు చికిత్స కాలి దిగువ నాళములలో కన్న ఇచ్చట ఎక్కువ కాలము నిలుచును. అయిదేండ్ల తరువాతను ఎక్కువమందిలో ధమని తెరచియే ఉండును. ఇంటికి వచ్చి మరల చుట్ట వెలిగించినవానికి ఈ మాట వర్తింపదు.

ప్రమాదములు, ముందు అడుగవలసినవి

సూదితో పోవు చికిత్స గనుక ప్రమాదము లేదనుకొనరాదు. గజ్జలో రక్తము కారి గడ్డకట్టవచ్చును. ధమని చిరుగవచ్చును. గోడనుండి ఊడిన ముక్క క్రిందికి కొట్టుకొనిపోయి పాదమున అడ్డుపడవచ్చును. ఇవి అరుదు, అయినను తక్షణము శస్త్రవైద్యుడు అందుబాటులో ఉండు ఆసుపత్రిలోనే ఈ పని చేయించుకొనవలెను.

ఎ.కొండూరు సంగతి మరల వచ్చునని పైన చెప్పితిమి. ఎక్స్‌రే కొరకు ఎక్కించు మందు మూత్రపిండముల ద్వారానే బయటికి పోవును. అవి ముందే దెబ్బతిన్నవైనచో ఈ మందు ఇంకను హాని చేయవచ్చును. స్కానులో ఎక్కించు మందును ఇట్టిదే. కావున ఈ ప్రాంతమునుండి పోవు ప్రతి రోగియు రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని, ఆ కాగితమును చేత పట్టుకొని పోవలెను. "మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఉంది, నాకు పరీక్ష చేశారా?" అని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ బిళ్లలు వాడువారు ఆ సంగతియు చెప్పవలెను. మూత్రపిండములు బలహీనమైనవారికి మందును తక్కువగా వాడుట, కొన్ని చోట్ల దానికి బదులు బొగ్గుపులుసు వాయువును ఉపయోగించి చిత్రము తీయుట వైద్యులు ఎరిగిన మార్గములే.

ఆగరాని వేళ

మూడు నెలలు నడచి చూడుడని చెప్పినది నొప్పి మాత్రమే గలవారికి. రాత్రివేళ పడుకొన్నపుడు పాదము మండి, కాలిని మంచముక్రిందికి వ్రేలాడదీసినగాని నిద్రపట్టనివారును, పాదమున పుండు మానక నల్లబడుచున్నవారును ఆగరాదు. వారిది కాలు నిలుచునా పోవునా అను స్థితి. వారమైనను జాగు చేయక రక్తనాళముల వైద్యునికి చూపవలెను.

అంతకన్న తొందరయైనది ఇంకొకటి. నిన్నటివరకు బాగున్న కాలు ఒక్కసారిగా తీవ్రమైన నొప్పితో తెల్లబడి, చల్లబడి, తిమ్మిరెక్కి, వ్రేళ్లు కదపలేని స్థితికి వచ్చినచో ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడినదని తలపవలెను. ఇట్టి కాలును కాపాడుటకు ఉండు వ్యవధి ఇంచుమించు ఆరు గంటలు. వెంటనే 108కి ఫోను చేయవలెను. చల్లబడిన కాలికి ఉప్పు మూటతో గాని ఇటుకతో గాని కాపడము పెట్టరాదు. స్పర్శ లేని చర్మము కాలిపోయి మానని పుండగును. నూనెతో మర్దనము చేయరాదు. ఆకు కట్టి తెల్లవారువరకు చూచుట కాలును వదలుకొనుటయే.

ఇచ్చటనే కట్టలేరు సంగతి ఆలోచింపవలసి ఉన్నది. వానకాలమున ఏరు పొంగి వినగడప, తోటమూలల నడుమ రాకపోకలు నిలిచిన దినములను ఆ ఊరివారు చూచియున్నారు. ఆరు గంటలలో చేరవలసిన రోగికి ఏ దారి మూతపడినదో, ఏ దారి తెరచియున్నదో వాగు ఒడ్డున నిలబడి విచారించుటకు వ్యవధి ఉండదు. తొలకరికి ముందే పంచాయతీ కూర్చుండి, ఏరు పొంగిన దినమున బండి ఏ చుట్టుదారిన రావలెనో, ఎవరి వాహనము అందుబాటులో ఉండునో, ఎవరికి ఫోను చేయవలెనో వ్రాసి కార్యాలయమున అంటించవలెను. పురిటి నొప్పులకును, పాముకాటుకును, గుండెపోటుకును ఆ కాగితమే పనికివచ్చును.

పంచాయతీ చేయదగినది

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమున పంచాయతీ సభ్యులకు స్థానము కలదు. ముప్పది ఏండ్లు నిండినవారికి రక్తపుపోటు, చక్కెర పరీక్షలు జరుపునపుడు ఇంకొక ప్రశ్నను చేర్చి అడుగుమని ఆరోగ్య కార్యకర్తలను కోరవచ్చును: "నడుస్తూ నడుస్తూ నొప్పి వచ్చి ఆగుతున్నారా? ఎన్ని కరెంటు స్తంభాల దూరంలో ఆగుతున్నారు?" స్తంభముల లెక్క ముసలివారు కూడ తప్పక చెప్పుదురు. నిరుడు ఎనిమిది స్తంభములు నడచినవాడు ఈ ఏడు మూడింటివద్దనే ఆగుచున్నచో జబ్బు ముదురుచున్నదని చదువురానివారును గ్రహింపగలరు. ఆ లెక్కను పేరుతోపాటు పుస్తకమున వ్రాసియుంచి, రోగి పోవునపుడు వైద్యునికి పంపినచో అది విలువైన ఆధారమగును.

నడక మందని చెప్పితిమి. ఆ మందును ఇచ్చుటకు ఊరిలో చోటు ఉండవలెను గదా! ఎత్తుపల్లములు లేని ఒక దారిని ఎన్నుకొని, ముండ్ల కంపలు తీయించి, దీపములు వెలుగునట్లు చూచి, కొంత దూరమునకొక అరుగు కట్టించినచో, నొప్పి వచ్చినవారు కూర్చుండి తిరిగి లేచి నడచుటకు వీలగును. దీనికి అగు ఖర్చు స్వల్పము. మా అభిప్రాయమున ఈ జబ్బు విషయమై పంచాయతీ చేయగల పనులలో ఇంతకన్న ఉపయోగకరమైనది లేదు.

పొగాకు విషయమున 2003 నాటి కేంద్ర చట్టము బహిరంగ ప్రదేశములలో పొగ త్రాగుటను నిషేధించినది. పదునెనిమిదేండ్లలోపు వారికిని, విద్యాసంస్థలకు వంద గజములలోపలను పొగాకు వస్తువులు అమ్మరాదు. పంచాయతీ కార్యాలయపు అరుగుమీదనే చుట్టలు కాలుచుండగా బడిముందరి బడ్డీకొట్టును మందలించుట సభ్యులకు శోభింపదు.

రక్తనాళముల వైద్యులు ఉండు పెద్ద ఆసుపత్రులు విజయవాడ, గుంటూరు వంటి నగరములలోనే కలవు. తిరువూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, అచ్చటి వైద్యుని వ్రాతతో పోవుట మంచిది. రాష్ట్ర ప్రభుత్వపు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకము క్రింద చేరదలచినవారు బియ్యపు కార్డు, ఆధారు కార్డు తీసికొని పోయి, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందు కలిసికొని, చేయబోవు చికిత్సకు పథకము వర్తించునో, స్టెంటు ఖర్చు అందులో చేరియున్నదో చేరకముందే అడుగవలెను. చేరిన పిమ్మట అడిగి, పొలము తాకట్టు పెట్టుట కన్న ఇది మేలు. చదువురాని రోగులతో ఒక వార్డు సభ్యుడు తోడు పోయినచో ఈ ప్రశ్నలు సరిగా అడుగబడును. పాత మందుల చీటీలు, క్రియాటినిన్ కాగితము, స్తంభముల లెక్క, ఈ మూడును ఒక సంచిలో పెట్టి ఇచ్చి పంపవలెను.

తిరిగి వచ్చిన రోగి వారము దినములు బరువులు ఎత్తరాదు. గజ్జలో వాపు పెరిగినను, రక్తము కారినను పండుకొని, ఆ చోటును అరచేతితో గట్టిగా నొక్కిపట్టి 108కి ఫోను చేయించవలెను. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చిన మందును, నొప్పి పోయినది గదా అని తనంతట మానినచో స్టెంటు మూసుకొనవచ్చును. చెప్పులు లేక పొలమునకు పోరాదు. ఆనెలను బ్లేడుతో కోసికొనరాదు. మొదటి నెలలోను, ఆరవ నెలలోను, తరువాత ఏటేటను చీలమండ పోటును మరల కొలిపించి, ఆ సంఖ్యను ఆరోగ్య కార్యకర్త పుస్తకమున స్తంభముల లెక్క ప్రక్కనే వ్రాయించవలెను.